రెండు కుంచాల లెక్క: ఆరోగ్య గ్రాఫుల్లో కులం ఎక్కడ మాయమవుతోంది?

దొర ఇంట్లో రెండు కుంచాలుండేవని మా వాడలో ముసలోళ్లు ఇప్పటికీ చెప్తారు. కూలి గింజలు కొలిచి పోసేటప్పుడు ఒకటి, అప్పు గింజలు తిరిగి కొలుచుకునేటప్పుడు ఇంకొకటి. రెండింటినీ కుంచమనే పిలిచేవాళ్లు. పేరు ఒకటే, పట్టే గింజలు వేరు. అదేందని అడిగినోడికి మర్నాడు పని ఉండేది కాదు. ఈమధ్య ఒక జిల్లా కేంద్రంలో ఆరోగ్య కార్యకర్తల శిక్షణకు పిలిస్తే పోయి, తెర మీద వేసిన ఒక గ్రాఫు చూస్తుంటే నాకు ఆ కుంచాలే గుర్తొచ్చాయి.

గ్రాఫు చాలామంది చూసి ఉండే రకమే. ఎడమ పక్క అక్షం మీద ఆస్పత్రి కాన్పుల శాతం, సున్నా నుంచి వంద దాకా. కుడి పక్క అక్షం మీద శిశు మరణాల రేటు, అంటే వెయ్యి మంది పుడితే ఏడాదిలోపు ఎందరు చనిపోతున్నారన్న లెక్క. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడత (2015-16) నుంచి అయిదో విడతకు (2019-21) వచ్చేసరికి దేశం మొత్తంలో ఆస్పత్రి కాన్పులు 78.9 శాతం నుంచి 88.6 శాతానికి పెరిగాయి. శిశు మరణాలు 40.7 నుంచి 35.2కు తగ్గాయి. ఒక గీత పైకి, ఒక గీత కిందికి, మధ్యలో రెండూ కత్తెరలాగా కలుసుకుంటాయి. చెప్పే ఆయన ఆ కత్తెర మీద కర్ర పెట్టి "ఇక్కడే మార్పు మొదలైంది" అన్నాడు.

వెనక వరసలో కూర్చున్న ఒక ఆశా కార్యకర్త లేచి, "సారూ, మంచిగనే ఉంది గని, గిండ్ల మా వాడ ఏడుంది?" అని అడిగింది. "ఇది దేశం మొత్తానిదమ్మా, అందరూ అందులోనే ఉన్నారు" అన్నాడాయన. హాలంతా నవ్వారు. ఆమె కూర్చుంది. ఆ ప్రశ్నకు అక్కడ దొరకని జవాబును వెతకడానికే ఈ వ్యాసం.

ముందు ఆ కత్తెర సంగతి. ఒక గీత నూటికి ఇంత అని చెప్తోంది, ఇంకోటి వెయ్యికి ఇంత అని చెప్తోంది. అవి రెండూ ఒక చోట కలిశాయంటే కిలోలూ కిలోమీటర్లూ కలిశాయన్నట్టే. కుడి అక్షాన్ని ఆయన 30 దగ్గర మొదలుపెట్టి 42 దగ్గర ఆపాడు. అందుకే అయిదున్నర తగ్గుదల కాగితం ఎత్తులో దాదాపు సగం దూరం పడిపోయినట్టు కనిపించింది. అదే అక్షాన్ని సున్నా నుంచి వంద దాకా గీస్తే గీత కొంచెం వాలిన గట్టులాగా ఉంటుంది. రెంటినీ నూటికే కొలిస్తే, శిశు మరణాలు 4.07 నుంచి 3.52కు వస్తాయి, గీత నేలకు అంటుకుపోతుంది. రెండు అక్షాలు వెయ్యడమే మోసమని నేననడం లేదు. వేర్వేరు కొలతలున్నప్పుడు ఒక్కోసారి తప్పదు. అయితే కుడి అక్షం ఎక్కడ మొదలవ్వాలన్నది గీసేవాడి చేతిలో ఉంది. కత్తెర ఏ సంవత్సరం మీద పడాలో కూడా వాడే నిర్ణయిస్తాడు.

రెండు అక్షాలు వెయ్యకపోతే ఇంకో తంటా. నమూనా నమోదు పథకం (ఎస్.ఆర్.ఎస్.) లెక్కల్లో 2020లో దేశంలో శిశు మరణాల రేటు 28. 2018-20 కాలానికి మాతృ మరణాల నిష్పత్తి 97. ఈ రెంటినీ పక్కపక్క కడ్డీలుగా గీసిన పోస్టరు ఒకటి చూశాను. తల్లుల కడ్డీ పిల్లల కడ్డీకి మూడింతలు పైన ఉంది. కానీ మొదటిది వెయ్యికి, రెండోది లక్షకు. వెయ్యికి కొలిస్తే తల్లుల మరణాలు ఒకటికి కాస్త తక్కువ. ఆ పోస్టరు వేసింది మన మిత్రులే. ఇంకో సంగతి కూడా అక్కడే చెప్పాలి. ఎస్.ఆర్.ఎస్. వార్షిక నివేదికల్లో ఈ మరణాల రేట్లు కులంవారీగా అచ్చు కావు. తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45 అని 2018-20 మాతృ మరణాల అంకెలు చూసి సంతోషిస్తాం. ఆ 43లో మాదిగవాడ తల్లులెందరు, గూడెం తల్లులెందరు అంటే అందులో సమాధానం ఉండదు.

కుటుంబ ఆరోగ్య సర్వే దగ్గరికి మళ్లీ వస్తే, అక్కడ కులం అంకె ఉంది. షెడ్యూల్డ్ కులాలు, షెడ్యూల్డ్ తెగలు, వెనుకబడిన తరగతులు, ఇతరులు అని నాలుగు గంపల్లో పోసి ఇస్తారు. నాలుగో విడతలో దళిత స్త్రీల కాన్పుల్లో ఆస్పత్రిలో జరిగినవి 78 శాతం. దేశం సగటు 79. అంటే, గోడ మీది గ్రాఫులో ఎడమ అక్షం ప్రకారం దళితులకు అన్యాయమేమీ జరగడం లేదు! అదే విడతలో దళిత శిశు మరణాల రేటు 45.2, ఇతరులది 32.1. ఆస్పత్రి గడప దాకా మన ఆడవాళ్లూ అందరితోపాటే చేరుతున్నారు. గడప దాటాక ఏం జరుగుతోంది, బిడ్డనెత్తుకుని ఇంటికొచ్చాక ఆ ఇంట్లో ఏముంది, తల్లి ఎన్నో రోజు కూలికి పోయింది అన్నవి శాతాల అక్షం మీద పడవు. అయిదో విడతకొచ్చేసరికి దళిత శిశు మరణాల రేటు దాదాపు 41. అది నాలుగో విడతలో దేశం సగటు. దేశం సగటున 2015-16లో దాటిపోయిన చోటికి దళిత పిల్లలు 2019-21లో చేరుకున్నారన్నమాట. ఆశా కార్యకర్త అడిగిన వాడ ఆ గీత మీద ఎక్కడుందో చెప్పాలంటే, నాలుగయిదేళ్ల వెనక ఉందని చెప్పాలి. ఆ మాట ఆ రోజు హాల్లో ఎవరూ చెప్పలేదు. నాకూ అప్పటికప్పుడు తట్టలేదు.

ఇప్పుడు అసలు చిక్కు. అంతరం తగ్గుతోందా, పెరుగుతోందా? విద్యార్థులు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. మూడో విడతలో (2005-06) దళిత శిశు మరణాల రేటు 66.4, ఇతరులది 48.9. తేడా 17.5. నాలుగో విడతలో 45.2, 32.1. తేడా 13.1. తీసివేత చేస్తే అంతరం తగ్గింది. భాగహారం చేసి చూడండి. మూడో విడతలో ఇతరుల పిల్లలు 100 మంది చనిపోయే చోట దళిత పిల్లలు 136 మంది చనిపోయారు. నాలుగో విడతలో 141 మంది. అంతరం పెరిగింది. రెండు లెక్కలూ నిజమే, రెండూ అవే నాలుగు అంకెల్లోంచి వచ్చాయి. ప్రభుత్వ నివేదిక రాసేవాడు తీసివేత గ్రాఫు వేస్తాడు, కరపత్రం రాసే మనం భాగహారం గ్రాఫు వేస్తాం. ఎవరి కుంచం వాళ్లు పట్టుకుని కొట్లాడుకుంటాం. (రెండో విడత అంకెలు కూడా కలిపి పొడుగాటి గీత గియ్యాలని చాలామందికి ఉబలాటం. ఆ విడతలో కులంవారీ రేట్లను పదేళ్ల కాలానికి లెక్కగట్టారు, తర్వాతి విడతల్లో అయిదేళ్లకు. కాబట్టి ఒకే గీత మీద పెట్టగూడదు.)

నా ఉద్దేశంలో రెండూ పక్కపక్కనే వెయ్యాలి. చావు తగ్గింది, నిజం. బతికిన పిల్లలు బతికారు, దాన్ని కాదనడం ఆ తల్లులకే అవమానం. అయితే తగ్గుదలలో ఎవరి వాటా ఎంతన్నది వేరే ప్రశ్న. దానికి భాగహారమే జవాబు చెప్తుంది.

ఇక్కడే ఒక గడుసు పద్ధతి ఉంది. కొలతలు వేరువేరుగా ఉన్నాయి గనుక అన్నింటినీ మొదటి సంవత్సరంలో 100 అనుకుని, తర్వాత ఎంతకు వచ్చాయో చూద్దామంటారు. ఆర్థిక పత్రికల్లో ఇది మామూలు. కాన్పుల శాతం, మరణాల రేటు, బరువు, ఎత్తు అన్నీ ఒకే కాగితం మీద సర్దుకుంటాయి. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది. కులాన్ని దీంతో కొలిస్తే ఏమవుతుందో చూడండి. 2005-06లో దళితులు 100, ఇతరులు కూడా 100. 2015-16కు దళితులు 68, ఇతరులు 66. రెండు గీతలూ ఒకే బిందువు దగ్గర బయల్దేరి, చేయీ చేయీ పట్టుకుని కిందికి దిగుతాయి. 66.4 దగ్గరున్న వాణ్ణీ 48.9 దగ్గరున్న వాణ్ణీ ఒకే గీత మీద నిలబెట్టి పరుగు మొదలుపెట్టమన్నాం. వెయ్యికి పదిహేడున్నర మంది పిల్లల తేడాను మొదటి చుక్కలోనే చెరిపేసి, ఆ తర్వాత సమానత కనిపిస్తోందని చెప్తున్నాం. అంకె ఒక్కటి కూడా తప్పు లేదు, అబద్ధమంతా కొలబద్దలోనే ఉంది.

ఇంకోటి, చావును కొలవాలా బతుకును కొలవాలా? "శిశు మనుగడ" అని మంచి పేరు పెట్టి కొలిస్తే, నాలుగో విడతలో వెయ్యికి దళిత పిల్లలు 955 మంది, ఇతరుల పిల్లలు 968 మంది బతికారు. 955ని 968తో భాగిస్తే సమానత 98 శాతం పైమాటే. అవే పిల్లలు, అదే సర్వే. చావుల వైపు నుంచి చూస్తే 41 శాతం ఎక్కువ, బతుకుల వైపు నుంచి చూస్తే ఒక శాతం చిల్లర తక్కువ. అన్ని సూచికల్నీ "ఎక్కువైతే మంచిది" వైపు తిప్పి ఒకే గ్రాఫులో పెట్టాలనే తపనతో నివేదికలు ఈ పని తరచుగా చేస్తాయి. చిన్న రేట్లున్న చోట ఈ తిప్పుడు వల్ల అసమానత ఆవిరైపోతుంది.

దళితులూ ఆదివాసీలూ కలిపి ఒకే కడ్డీ వేసే అలవాటు మనలోనూ ఉంది. ఐక్యత కోసం సభలో అలా అనొచ్చు, గ్రాఫులో అనగూడదు. నాలుగో విడతలో పుట్టిన నెలలోపు చనిపోయిన పిల్లలు దళితుల్లో వెయ్యికి 33, ఆదివాసుల్లో 31. ఏడాదిలోపు దళితుల్లో 45, ఆదివాసుల్లో 44. అయిదేళ్లలోపు చూస్తే దళితుల్లో 56, ఆదివాసుల్లో 57, వరస తిరగబడింది. ఆదివాసీ పిల్లలు మొదటి నెల గండం కాస్త మెరుగ్గా దాటి, ఏడాది నిండాక ఎక్కువ పోతున్నారన్నమాట. ఆస్పత్రి కాన్పులు వాళ్లలో 68 శాతమే, దళితులకన్నా పది శాతం తక్కువ. రెండు సముదాయాల చావులకు దారులు వేరు. ఆ మాటకొస్తే "షెడ్యూల్డ్ కులాలు" అన్న ఒక్క కడ్డీలో మాల, మాదిగ, రెల్లి, డక్కలి అందరూ ఉన్నారు. వర్గీకరణ మీద 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, 2025లో తెలంగాణ చట్టం చేసింది. ఉద్యోగాల్లో విడదీసి చూడటానికి ఒప్పుకున్న రాజ్యం పిల్లల చావుల్లో విడదీసి చూపించదు. సర్వే చేసేవాళ్లు కులం పేరు అడిగి రాసుకుంటారు, నివేదికలో మాత్రం నాలుగు గంపలే.

రక్తహీనత గ్రాఫు గురించి రెండు మాటలు. అయిదో విడతలో స్త్రీలలో 57 శాతం, పురుషుల్లో 25 శాతం, చిన్న పిల్లల్లో 67 శాతం అని మూడు కడ్డీలు వేస్తారు. గర్భిణి కాని స్త్రీకి హీమోగ్లోబిన్ 12 కన్నా తక్కువైతే రక్తహీనత, గర్భిణికీ చిన్న పిల్లలకూ 11, పురుషుడికి 13. గీత గీసిన ఎత్తులే వేరు. ఇది వైద్యులు కావాలనే పెట్టిన తేడా, అందులో తప్పు లేదు, కాకపోతే గ్రాఫు కింద ఎక్కడా రాయరు. అసలు బాధ ఇంకొకటి. 11.9 ఉన్న పంతులమ్మా, 6 ఉన్న నాట్లకూలీ ఒకే కడ్డీలో పడతారు. నాలుగో విడతలో దళిత స్త్రీలలో సుమారు 56 శాతం, ఇతరుల్లో 50 శాతం అని చూసి "ఈ జబ్బుకు కులం లేదు" అని ఒక డాక్టరుగారు నాతో వాదించారు. ఎందరికి ఉందన్నది ఒక కొలత, ఎంత లోతున ఉందన్నది ఇంకో కొలత. మొదటిదే కడ్డీ అవుతుంది. రెండోది అనుబంధ పట్టికలో నిద్రపోతుంది.

ఇప్పటిదాకా ఎదుటివాళ్ల కుంచాన్ని తప్పుబట్టాను. మన కుంచం కూడా తిరగేసి చూసుకోవాలి. దళిత స్త్రీ అగ్రకుల స్త్రీ కన్నా 14.6 ఏళ్లు ముందే చనిపోతుందని మనం ఎన్నో సభల్లో చెప్పాం, బ్యానర్ల మీద రాశాం. ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2018 నివేదికలో ఉన్న అంకె అది. దళిత స్త్రీల సగటు మరణ వయసు 39.5, అగ్రకుల స్త్రీలది 54.1. చాలామంది దీన్ని ఆయుర్దాయం అనుకున్నారు, రాసినవాళ్లూ అలాగే రాశారు. ఈ రెండూ ఒకటి కాదు.

రెండు వాడలున్నాయనుకుందాం. రెండింట్లోనూ ప్రాణాపాయం సమానమే. ఏడాదిలోపు పిల్లల్లో ఇరవైకి ఒకరు, డెబ్భై ఏళ్ల ముసలోళ్లలో పదికి ఒకరు ఆ ఏడు చనిపోతారు. మొదటి వాడలో పసిపిల్లలు 100 మంది, ముసలోళ్లు 20 మంది. అక్కడ అయిదుగురు పిల్లలు, ఇద్దరు ముసలోళ్లు పోతారు, సగటు మరణ వయసు 20. రెండో వాడలో పిల్లలు 20 మంది, ముసలోళ్లు 100 మంది. ఒక బిడ్డ, పదిమంది ముసలోళ్లు పోతారు, సగటు 64 దగ్గర. అపాయం ఒకటే అయినా సగటులో 44 ఏళ్ల తేడా. పిల్లలు ఎక్కువున్న సముదాయంలో సగటు మరణ వయసు దానంతటదే తక్కువ వస్తుంది. కాబట్టి 14.6లో కొంత అన్యాయం ఉంది, కొంత జనాభా అమరిక ఉంది. ఏది ఎంతో ఆ అంకె చెప్పదు.

ఆయుర్దాయాన్నే సరిగ్గా కొలిచిన పని కూడా ఉంది. సంగీతా వ్యాస్, పాయల్ హాథీ, ఆశిష్ గుప్తా 2022లో అచ్చువేసిన అధ్యయనంలో తొమ్మిది రాష్ట్రాల్లో రెండు కోట్లకు పైగా మనుషుల లెక్కలు చూశారు. తెలుగు రాష్ట్రాలు అందులో లేవు. అగ్రకుల హిందువుల కన్నా ఆదివాసుల ఆయుర్దాయం నాలుగేళ్లకు పైగా, దళితులది మూడేళ్లకు పైగా తక్కువని తేల్చారు. ఆ తేడాలో ఆస్తిపాస్తుల వల్ల వచ్చేది సగం కన్నా తక్కువేనని కూడా చెప్పారు. "పేదరికమే తప్ప కులం లేదు" అని మనకు ముప్పై ఏళ్లుగా పాఠాలు చెప్తున్న వామపక్ష మిత్రులకు చూపించాల్సిన అంకె ఇదే. 14.6 పక్కన పెడితే 3 చిన్నగా కనిపిస్తుందని కొందరు కార్యకర్తలు నాతో అన్నారు, "అన్నా, బ్యానరు మీద మూడు అంటే ఎవడు ఆగి చూస్తడు?" అని. నేను కాదనలేకపోయాను. కానీ రెండు వేర్వేరు కొలతలను ఒక గ్రాఫులో పెట్టి పెద్దదాన్ని ఎంచుకోవడం ఆ శిక్షణలో కుడి అక్షాన్ని 30 దగ్గర మొదలుపెట్టినాయన చేసిన పనే. ఎవడో ఒకడు జనాభా శాస్త్రం చదివినోడు లేచి ఆ అంకెను కొట్టేస్తే దాంతోపాటు మన వాదమంతా కొట్టుకుపోతుంది.

ఇంత తంటా పడకుండా గ్రాఫులే వద్దనుకోవచ్చు గదా అని అడిగేవాళ్లకు ఒక పాత సంగతి చెప్తాను. గణాంకాల గాయం తగిలింది మన ఒక్కరికే కాదు. 1896లో అమెరికాలో ఫ్రెడరిక్ హాఫ్‌మన్ అనే బీమా కంపెనీ గణాంకవేత్త నల్లవాళ్ల మరణాల రేట్లు చూపించి, ఆ జాతి క్షీణించిపోతుందని పుస్తకం రాశాడు. డబ్ల్యు.ఇ.బి. డుబోయిస్ మరుసటి ఏడే దాన్ని ఎండగట్టాడు. 1900లో పారిస్ ప్రదర్శనకు అట్లాంటా విశ్వవిద్యాలయ విద్యార్థులతో కలిసి, చేత్తో రంగులు వేసి పదుల కొద్దీ గ్రాఫులు తయారుచేశాడు. (1946లో అంబేద్కర్ ఉత్తరం రాసింది ఈ డుబోయిస్‌కే.) అందులో ఒకటి జార్జియా రాష్ట్రంలో 1890లో నల్లవాళ్లు ఎక్కడ బతుకుతున్నారో చెప్తుంది. పెద్ద పట్టణాల్లో 78,139 మంది, అయిదు నుంచి పదివేల జనాభా ఉన్న పట్టణాల్లో 8,025 మంది, పల్లెల్లో 7,34,952 మంది. ఒకే కొలబద్ద మీద గీస్తే పల్లె గీత కాగితం దాటి బయటికి పోతుంది. గీతను మధ్యలో విరిచి "ఇక్కడ కొంత వదిలేశాం" అని గుర్తు పెట్టొచ్చు, మన నివేదికలు అదే చేస్తాయి. డుబోయిస్ విరవలేదు. ఆ ఎర్ర గీతను పాముచుట్టలాగా చుట్టలు చుట్టలుగా చుట్టేశాడు. చుట్టలో పొడవు కంటికి సరిగ్గా అందదని గణాంక పంతుళ్లు అంటారు, అది నిజమే. అయినా పల్లె జనాన్ని తగ్గించి చూపించడానికి ఆయన ఒప్పుకోలేదు, పట్టణాల చిన్న గీతల్ని సాగదీయనూ లేదు.

కేంద్రం 2025 ఏప్రిల్ 30న రాబోయే జనగణనలో కులం లెక్క తీస్తామని ప్రకటించింది. తెలంగాణలో 2024 నవంబరులో ఇంటింటి కులసర్వే మొదలై, 2025 ఫిబ్రవరిలో మొదటి అంకెలు బయటికొచ్చాయి. అంకెల కోసం ఇన్నాళ్లు కొట్లాడాం. అంకెల వెనకే గ్రాఫులొస్తాయి, వాటిని గీసేది మనం కాదు. అక్షం ఎక్కడ మొదలైంది, నూటికా వెయ్యికా లక్షకా, తీసివేతా భాగహారమా అని అడగడం మన యువజన సంఘాల తరగతుల్లో ఇప్పటినుంచే నేర్పాలి. వేర్వేరు కొలతలను ఒకే గ్రాఫులో కుక్కకుండా, ఒక్కో కొలతకు ఒక్కో చిన్న గ్రాఫు, అన్నింట్లోనూ కులాల వరస ఒకటే ఉండేట్టు గీయడం పెద్ద విద్యేమీ కాదు. చార్టు పేపరూ స్కెచ్ పెన్నులూ చాలు.

ఆ శిక్షణ అయ్యాక ఆశా కార్యకర్తను బయట చాయ్ దగ్గర కలిశాను. సంచిలోంచి నోటుబుక్కు తీసి చూపించింది. ఆ ఏడు ఆమె చూసుకునే వాడలో కాన్పులు పంతొమ్మిది. అన్నీ ఆస్పత్రిలోనే. ఒక బిడ్డ ఇరవై మూడో రోజు పోయింది. "గీన్ని గా గీత మీద పెట్టాల్నంటె ఎట్ల పెట్టాలె సారూ?" అని అడిగింది. పంతొమ్మిదికి ఒకటంటే వెయ్యికి 53 అవుతుంది, మరుసటి ఏడు ఎవరూ పోకపోతే సున్నా అవుతుంది, ఇంత చిన్న వాడకు రేటు కట్టకూడదక్కా అని చెప్పాను. "మరేం రాయాలె?" అంది. ఏ రోజు పుట్టింది, బరువెంత, జ్వరం ఎప్పుడొచ్చింది, అంబులెన్సుకు ఎప్పుడు ఫోన్ చేశారు, ఎప్పుడొచ్చింది, ఆస్పత్రిలో ఎంతసేపు కూర్చోబెట్టారు, ఇవి రాయమన్నాను. అప్పటికే ఆమె సగం రాసిపెట్టుకుని ఉంది.